ముందు బండి

చేతిలో పాచికలు చెమటకు జారుతున్నాయి. కొంగుతో తుడుస్తాను, మళ్లీ తడుస్తాయి. ఇంకా నా వంతు రానేలేదు, అవతలి పక్క కిరణ్ తన బళ్లను ఒక్కొక్కటే బల్ల అంచు మీద నిలబెడుతున్నాడు. బొటనవేలంత మనుషులు, గోరంత కత్తులు, అగ్గిపెట్టెంత ఎద్దుల బళ్లు. ఇది ఆఖరి ఆట. పొద్దున్నుంచి నంద్యాలలో ఈ పెళ్లిళ్ల హాలు మేడమీద, భోజనాల బల్లలు జతచేసి పచ్చగుడ్డ పరిచి, మా ఊరి వాళ్లం, కర్నూలు వాళ్లు, కడప నుంచి వచ్చినవాళ్లు, ఒకరి సైన్యాన్ని ఒకరు చంపుకుంటూ వచ్చి చివరకు ఇద్దరం మిగిలాం. నేను, శాలిని, ఏడో తరగతికి లెక్కలు చెప్పే పంతులమ్మను. అతను కిరణ్, ఆళ్లగడ్డ పక్క పల్లెలో నరసింహులు గారి కొడుకు. గెలిచినవాళ్లకు కప్పు, హైదరాబాదు పోటీకి పిలుపు. కప్పు నాకు కావాలి, అబద్ధమెందుకు, బడిలో పరుగుపందెంలో కూడా ఒక చెంచా గెలిచినదాన్ని కాదు. మా క్లాసు పిల్లలు శనివారం సాయంత్రం గేటు దాకా వచ్చి "గెల్చి రా మిస్" అన్నారు. కానీ కప్పు కంటే ముందు ఈ మనిషి నోటి నుంచి నాకొక మాట కావాలి. అందుకే పేర్ల జాబితాలో కిరణ్ అని చూసి నేనూ పేరిచ్చాను. ఆ పొద్దు, వీళ్ల జీపు తోలే మా నాయనను వీళ్ల నాయన కావాలనే ముందు పంపాడా? ఈ ఒక్కటి తేలాలి. ఎట్లా అడగాలో మాత్రం తెలియదు. టీ తాగుతూ అడిగే మాటా అది?

"అక్కా, నియమం ఇంకోసారి చెప్తా ఇను" అంటున్నాడు క్రాంతి కుమార్. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు, మాది ఒకే చర్చి, ఈ ఆటను బెంగళూరు నుంచి మోసుకొచ్చింది అతనే, ఈ పూట తీర్పరి అతనే. నన్ను ఇందులోకి దించిందీ అతనే. క్రిస్మస్‌కు పశువులపాక బొమ్మలకు నేనే రంగులేస్తాను. ఒక ఏడు హేరోదు సైనికులను కూడా పెట్టారు, పసిపిల్లలను నరకడానికి వచ్చినవాళ్లను. వాళ్ల కళ్లు చూసి ఇతను నోరు తెరిచాడు, అక్కా నీకు గొర్రెల కాపరుల కంటే సైనికులు బాగొస్తారు అన్నాడు. నాకు ముందే తెలుసు. నియమం సులభమే. కిరణ్‌వి మూడు బళ్లు. దారి బల్ల అటు అంచు నుంచి ఇటు నా అంచు దాకా. మూడింట్లో ఒక్క బండి నా అంచు దాటినా ఆట అతనిది. ఒక్కటీ దాటకపోతే నాది. నా మనుషులు దారి పక్క కొండ వెనక దాక్కున్నారు, వాళ్ల బదులు ఎర్ర బిళ్లలు మాత్రమే బల్ల మీద ఉంటాయి. ఎప్పుడు బయటపడాలో నా ఇష్టం, కానీ ఒక్కసారే. బయటపడ్డాక ఇంక దాగేది లేదు. నాయకుడు చచ్చాడా బతికాడా అన్నది ఈ ఆటలో లెక్కకు రాదు. "అర్థమైందా కిరణన్నా, నాయకుడికి పాయింట్లు లేవు" అని అటు తిరిగి మరీ చెప్పాడు క్రాంతి. హాలంతా నవ్వింది. ఎందుకంటే కిరణ్ ఆట అందరికీ తెలుసు. నాయకుడికి కాస్త ఎండ తగిలినా గెలిచే ఆట వదిలేసి దండునంతా వెనక్కి తిప్పుతాడు. పోయిన నెల చేతికొచ్చిన ఆట అట్లాగే పోగొట్టుకున్నాడు. వాళ్ల ఇంట్లో పుట్టినవాడు ఇంకెట్లా ఆడతాడు, పెద్దాయన బతికుంటేనే ఇల్లు ఉన్నట్టు, తక్కినవాళ్లు పోతే ఇంకొకరు వస్తారు.

కొండ నిజం రాయి. అందరూ థర్మోకోల్‌తో కొండలు చేస్తారు, ఇది ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే పాకలో మిగిలిన నల్లరాయి ముక్క. ఏ దేవుడి భుజం పక్కన రాలిందో. దాని వెనక నా ఎర్ర బిళ్లలు. నేను ఎటు చూసినా మళ్లీ ఆ బిళ్లల దగ్గరికే చూపు పోతోంది, చూడకూడదు, చూస్తే కిరణ్‌కు తెలిసిపోతుంది. ఫ్యాను చప్పుడు. కింద వంటశాలలో ఎవరో గంగాళం దొర్లించారు. ఆ రోజు కూడా మోతే ముందు వచ్చింది. బడి వరండాలో కూర్చుని ఎక్కాలు అప్పజెబుతున్నాం, దూరంగా ధడ్ మంది, మళ్లీ ధడ్, ధడ్. నాపరాళ్ల గనిలో తూటాలు పేలుస్తున్నారు లెమ్మని పంతులు అన్నాడు. మేమూ అనుకున్నాం. ఎక్కం ఆపలేదు. మా నాయన కడుపు చీలి, పేగులు చేత్తో పట్టుకుని రోడ్డు మీద నాలుగడుగులు నడిచాడట, ఆ నాలుగడుగులూ నేను పదమూడో ఎక్కం చెప్తున్నాను. ఇప్పటికీ ఏడో తరగతిలో పదమూడో ఎక్కం పిల్లల చేత చెప్పించను, నేనే బోర్డు మీద రాసేసి పక్కకు జరుగుతాను.

"మంచిదే గదా టీచరమ్మా, మొదలుపెడదామా" అంటున్నాడు కిరణ్. నన్ను అందరి ముందు టీచరమ్మా అంటాడు, పక్కన ఎవరైనా కొత్తవాళ్లుంటే "మా యేసుదాసు కూతురు" అంటాడు. మా. ఆ మా అనే మాట వింటే పళ్లు నూరుకోవాలనిపిస్తుంది. నేను అతన్ని అన్నా అంటాను, క్లబ్బులో అందరూ అంటారు కాబట్టి. మా అమ్మ హన్నమ్మ వింటే చెంప పగలగొడుతుంది. ఆమెకు ఇతను చిన్నయ్య, ఇతని నాయన పెద్దయ్య, ఇతని తల్లి ప్రమీలమ్మ ఇంటి మనిషి కంటే ఎక్కువ. నాయన పోయాక అమ్మకు హాస్టల్లో ఆయా పని ఇప్పించింది వాళ్లే, నన్ను బళ్లో ఉంచింది వాళ్లే. "వాళ్లు లేకపోతే మనం యాడుందుము పాపా, కూటికి లేక సచ్చింటిమి" అంటుంది అమ్మ. నిజమే, అదే నా గొంతులో ముల్లు. పెద్దాయన చేతి అన్నం తిని పెరిగిన ఒళ్లు ఇది. ఆయన పక్షవాతం వచ్చి మంచంలో చచ్చాడు, మెత్తటి మంచంలో, ఒంటి మీద ఒక్క గాటు లేకుండా. ఊరేగింపుగా తీసుకుపోయారు, ఆళ్లగడ్డలో అంగళ్లు మూశారు. పన్నెండో నాడు అమ్మ నన్నూ తీసుకుపోయింది, పంక్తిలో కూర్చుని తిన్నాను. వడ నమిలాను. నములుతూ ఆయన ఫొటో వైపు చూస్తూ, ఈ గొంతు, ఈ మెడ నరం, ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి అని లెక్కపెట్టుకున్నాను. నా పక్కన కూర్చున్న ఆమె ఇంకొంచెం పాయసం వేయించుకోమంది.

మొదటి వంతు. కిరణ్ టేపు పట్టి కొలిచి ముందు బండిని కదిలించాడు. ఒక్కదాన్నే. తక్కిన రెండు బళ్లు, గుర్రం మీద నాయకుడు, చుట్టూ ఈటెలు పట్టిన కాపలావాళ్లు, అందరూ వెనక అంచు దగ్గరే. ముందు బండి మీద ఒక తోలేవాడు, ఇద్దరు ముసలి పదాతులు, అంతే. ఆ నాయకుడి బొమ్మకు రంగులేసింది నేనే. కిరణ్ తెచ్చిచ్చి, "మీసం మా నాయన మాదిరి ఉండాల టీచరమ్మా, పైకి తిప్పు" అన్నాడు. వారం రోజులు కూర్చుని, సన్నటి కుంచె కొన కొరికి ఒక్క వెంట్రుక మిగిల్చి, దానితో ఆ మీసం తిప్పాను. నుదుటి మీద ముడత కూడా పెట్టాను. అంత ప్రేమగా దేనికీ రంగు వేయలేదు. నేను ఎవరిని చంపబోతున్నానో వాడి ముఖం వాడిదిగా ఉండాలి కదా. తోలేవాడికి మాత్రం ముఖం లేదు, తలపాగా కింద ఒక గోధుమరంగు చుక్క పెట్టి ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో.

"ముందు బండి ఒక్కటేనా అన్నా?" అన్నాను. ఊరికే అన్నాను. నిజంగానే ఊరికే. కిరణ్ టీ గ్లాసు అందుకుంటూ, నా ముఖం కూడా చూడకుండా, "ముందు బండిలో మనోడు ఉండగూడదు టీచరమ్మా. ఒట్టిది పంపాల. కాసుకున్న్యోళ్లు ఉంటే దాని మీద పడతారు, మనం బేగా తిరుక్కోవచ్చు. మా నాయన బతికినన్నాళ్లూ అదే చేస్తాండె, ఆయప్ప బతికిందే దాంతో" అన్నాడు. అని టీ ఊదుకుని తాగాడు. పక్కనున్న కడప అతను అవునన్నట్టు తలూపాడు. అంతే. నేను ఇన్నేళ్లు ఎట్లా అడగాలని రాత్రులు పొర్లింది, గొంతుదాకా వచ్చి మింగింది, అడగకుండానే టీ గుటకల మధ్య వచ్చి బల్ల మీద పడింది. ఒట్టిది పంపాల. ఒట్టి బండి. మా నాయన కూర్చున్న బండి ఒట్టిది.

మాకు చెప్పింది ఇది కాదు. ఆ పొద్దు పెద్దయ్య పూజలో కూర్చుని లేవలేదని, ఎప్పుడూ లేనిది ఆలస్యమైందని, యేసుదాసు తొందరపడి జీపు తీసుకుని ముందు పోయాడని, దేవుడే పెద్దయ్య కాళ్లు పట్టి ఆపాడని. ఊరంతా ఇదే చెప్పుకుంది. మా అమ్మ నాయన శవం పక్కన కూర్చుని కూడా అదే అంది, ఏడుస్తూ, "పెద్దయ్యన్నా బతికినాడు, దేవుడు గొప్పోడు" అంది. ఆళ్లగడ్డ ఆస్పత్రిలో చాప మీద మా నాయన ఉన్నాడు. చాప చివర పాదాలు కనిపిస్తున్నాయి, ఒక చెప్పు ఉంది, ఒకటి లేదు. నన్ను చూడనివ్వకుండా మేనత్త కొంగు కప్పింది, కొంగు పలుచన, అందులోంచి అంతా కనిపించింది. మెడ మీద రెండు. భుజం నుంచి రొమ్ము దాకా ఒకటి. కడుపు మీద ఒకటి, దానికి గుడ్డ చుట్టారు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగి తోలుతో వేలాడుతోంది, స్టీరింగ్ వదల్లేదు కాబట్టి చేతి మీద కొట్టి ఉంటారు. ముఖం సగం బాంబుకు నల్లబడి, సగం మామూలుగా, పొద్దున నాకు జడ వేసి రిబ్బను ముడి వంకరగా కట్టి నవ్విన ముఖంలాగే ఉంది. ఆలస్యంగా రెండో జీపులో బయల్దేరిన పెద్దాయన రోడ్డు మలుపు దగ్గరే ఆగి, పొగ చూసి, వెనక్కి తిప్పుకుని పోయాడు. తిప్పుకునే చోటు ముందే చూసి పెట్టుకున్నాడన్నమాట. అంతా సవ్యంగా జరిగింది ఆయనకు, అనుకున్నట్టే జరిగింది.

నాకు నాయనను నరికినవాళ్ల మీద ఎప్పుడూ అంత కోపం లేదు. ఈ మాట పైకి ఎవరితోనూ అనలేదు. పెద్దాయన పగవాళ్లు, ఆయన కోసం కాసుకున్నారు, కొట్టారు, అది వాళ్ల పని. నా కోపమంతా వాళ్ల తెలివితక్కువతనం మీద. చిన్నప్పటి నుంచి మోకాళ్ల మీద కూర్చుని, పక్కన అమ్మ పాస్టరు కోసం, పాలకుల కోసం, పెద్దయ్య ఆరోగ్యం కోసం గట్టిగా ప్రార్థన చేస్తుంటే, నేను లోపల ఒక్కటే అడిగేదాన్ని. ప్రభువా, ఆ రోడ్డు మీద కల్వర్టు కింద పండుకున్న వాళ్లకు కాస్త ఓపిక ఇచ్చుంటే నీ సొమ్మేం పోయేది? ముందు జీపును పోనిచ్చి, ఊపిరి బిగబట్టి, రెండో జీపు మీద పడే బుద్ధి ఎందుకివ్వలేదు? బాంబులు అవే, కొడవళ్లు అవే, ఒక్క నిమిషం తేడా. మా నాయన ఆళ్లగడ్డ చేరి, అంగట్లో బీడీ కట్ట కొనుక్కుని, వెనక బండి ఇంకా రాలేదేమని రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాడు. అక్కడ పెద్దాయన పేగులు రోడ్డు మీద పడేవి. ఈ ప్రార్థనకు ఆమెన్ కూడా చెప్పేదాన్ని. లెక్కల టీచరును నేను, కాగితం మీద ఆ రోడ్డు గీసుకుని, ముందు జీపు ఎంత వేగం, రెండోది ఎంత వెనక అని లెక్కలు వేసేదాన్ని. ప్రతిసారీ రెండో జీపు తగలాలి. తగిలేదాకా వేసేదాన్ని.

"అక్కా" క్రాంతి పిలుస్తున్నాడు, "బండి కొండ ముందరికొచ్చింది. నీ వాళ్లు బయటపడతారా?" ముందు బండి సరిగ్గా నల్లరాయి పక్కనే ఉంది. తోలేవాడు నా బిళ్లలకు చేయిచాపు దూరంలో. నా విలుకాళ్లందరూ ఒకేసారి కొడితే లెక్క కూడా అక్కర్లేదు, రెండుసార్లు పాచికలు వేస్తే బండి కూలిపోతుంది. అది కూలగానే కిరణ్ అలవాటు ప్రకారం నాయకుణ్ని వెనక్కి తిప్పుతాడు, ఇంక ఒక్క బండీ నా అంచు దాటదు. కప్పు నాది. హాల్లో అందరికీ ఇది తెలుసు. కడప అతను బండి పడినట్టే అనుకుని కుర్చీలోంచి లేచి వచ్చాడు చూడ్డానికి. పాచికలు గుప్పిట్లో ఉన్నాయి. విసిరితే చాలు. కల్వర్టు కింద పండుకున్న వాళ్లకూ ఇట్లాగే ఉండి ఉంటుంది, చేతిలో బాంబు బరువు, పొద్దున్నుంచి కాసుకున్న విసుగు, ఎదురుగా వచ్చిన బండి, ఎవరున్నారో చూసే ఓపిక ఎవరికి. విసిరెయ్, అయిపోతుంది, ఇంటికి పోయి స్నానం చెయ్యొచ్చు. ఆ బండి మీద ముఖం లేని చుక్క. మెడ మీద రెండు, భుజం మీద ఒకటి, నేనూ వెయ్యనా? నా చేతులతో నేనే?

"లేదు" అన్నాను.

"ఏందక్కా?" అన్నాడు క్రాంతి. "బయటపడను. పోనీ." అతను కళ్లజోడు సర్దుకున్నాడు, బాగా ఆలోచించుకో అన్నట్టు చూశాడు, తీర్పరి కదా, అంతకంటే చెప్పకూడదు. కడప అతను నాలుక చప్పరించాడు. కిరణ్ ముఖం వెలిగింది. "ఒట్టి బిళ్లలేనా టీచరమ్మా? కొండ ఎనక ఎవురూ లేరా? దొంగ బిళ్లలు పెట్టినావా?" అని నవ్వుతూ ముందు బండిని టేపు పెట్టి కొలిచి కొండ దాటించాడు. ఇంక అది నా బాణాలకు అందదు. దారి ఖాళీగా ఉందని రుజువైంది. ఇప్పుడు చూడాలి. ఇప్పుడు వస్తాడా? రా. దారి బాగుంది పెద్దయ్యా, ముందు బండి హాయిగా పోయింది, రా, భయమెందుకు. కిరణ్ రెండు బళ్లనూ కదిలించాడు. ఆగాడు. తల గోక్కున్నాడు. తర్వాత గుర్రం మీది నాయకుణ్ని రెండువేళ్లతో ఎత్తి, కాపలావాళ్ల నడుమ పెట్టుకుని, దారెంట తెచ్చి తెచ్చి, నల్లరాయి పక్కన పెట్టాడు. పైకి తిప్పిన మీసం. నుదుటి మీద నేను పెట్టిన ముడత.

"బయటపడుతున్నా" అన్నాను. బిళ్లలు తీసేసి నా మనుషులను ఒక్కొక్కరినే కొండ మీద నిలబెట్టాను, అందరినీ, ఒక్కణ్ని కూడా వెనక ఉంచుకోలేదు, కప్పు కోసం ఆడేవాళ్లు ఎవరూ అట్లా చేయరు. పాచికలు వేశాను. కాపలావాళ్లు రాలారు. మళ్లీ వేశాను. బాంబు పడింది, జీపు గాజు పగిలి లోపలికి కొట్టింది, పొగలో డ్రైవరు తలుపు తీసుకుని చేలోకి ఉరికాడు, ఉరకనీ, డ్రైవరును వదిలెయ్యండి, డ్రైవరుతో మనకు పనిలేదు. మళ్లీ వేశాను. ఈటెలవాళ్లు పోయారు. కిరణ్ తన పాచికలు వేసి ఏదో కాచుకున్నాడు, నేను వినలేదు. తలుపు పట్టి లాగండి. చొక్కా పట్టి లాగండి, తెల్ల చొక్కా, బొత్తాలు తెగి రాలాయి, ఎవరో జుట్టు పట్టి తల వంచారు. మెడ మీద ఒకటి. ఇంకొకటి. భుజం నుంచి రొమ్ము దాకా, ఇదిగో ఇట్లా, ఏటవాలుగా, ఎముక దగ్గర కొడవలి ఇరుక్కుంటుంది, కాలు పెట్టి లాగాలి. చెయ్యి అడ్డం పెడతాడు, ఆ చేతిని మణికట్టు దగ్గర. కడుపు మీద ఒకటి. మా నాయనకు ఏ చోట పడ్డాయో అన్నీ ఆ చోటే పడాలి, ఒకటి ఎక్కువొద్దు, ఒకటి తక్కువొద్దు. ఆఖరి పాచికలు బల్ల మీద దొర్లి నల్లరాయికి తగిలి ఆగాయి. క్రాంతి వంగి చూశాడు. "నాయకుడు చచ్చె" అన్నాడు.

నియమం ప్రకారం కిరణే తన బొమ్మను పక్కకు పడుకోబెట్టాలి. నేను ఆగలేదు. నా చెయ్యే పోయి దాన్ని తోసింది, గుర్రంతో సహా బోర్లా పడింది. నాకు ఎంత సంతోషమైందంటే, సిగ్గు లేకుండా చెప్తున్నాను, మా నాయన పోయినప్పటి నుంచి అంత సంతోషం నాకు రాలేదు, నా ఉద్యోగానికి రాలేదు, మా పెళ్లికి రాలేదు. ఊపిరి కడుపులోకి పోయింది. కిరణ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ముందు బండిని మిగిలిన నాలుగంగుళాలూ నడిపించి నా అంచు దాటించి, నా చేతి పక్కన పెట్టాడు. "కప్పు పాయె గదమ్మా నీకు. నాయకుడికి పాయింట్లు లేవని ఆయప్ప మొత్తుకుంటానే ఉన్న్యాడు. ఏందీ కసి, బండిని పోనిచ్చి..." అని ఆగిపోయాడు. చప్పట్లు మొదలయ్యాయి, అతనికే. అతను వినలేదు. కొండను చూశాడు. దారిని చూశాడు. నా పక్కనున్న బండిని, బోర్లా పడిన గుర్రాన్ని చూశాడు. అట్లాంటి రోడ్ల మీద పెరిగిన మనిషి, అతనికి విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి "యేసుదాసు" అన్నాడు. మా అనలేదు ఈసారి.

"మా నాయన ఆళ్లగడ్డ చేరినాడు అన్నా" అన్నాను. "మీ నాయనే చేరలేదు." మా ఇద్దరికి తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాను. తిడతాడనుకున్నాను, తిట్టాలని కూడా ఉంది నాకు, తిడితే బల్ల ఎత్తి వేద్దామని ఉంది. అతను కుర్చీలో కూలబడ్డాడు. పెద్ద మనిషి, చెవుల పక్క నెరిసింది. అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "రెండో బండిలో నేనూ ఉన్న్యా శాలినీ" అన్నాడు. "మీరు కర్నూలు హాస్టల్లో కదా ఉన్నది" అన్నాను. "జొరమొచ్చి ఇంటికొచ్చింటి. డాక్టరు కాడికి తోడుకపోతాండె నాయన. ముందు సీట్లో నాయన పక్కనే కూసోనున్న్యా. పొగ లేసింది సూసినా. యేసుదాసు బండి నాయనా, యేసుదాసు బండి, పోదాం పా అని అరిసినా. నాయన నా నోరు మూసి బండి తిప్పిచ్చినాడు." అని చేత్తో నోరు మూసుకుని చూపించాడు, ఆ చెయ్యి తీయలేదు.

అతనికి పన్నెండేళ్లుంటాయి అప్పటికి. నా ఏడో తరగతిలో కిటికీ పక్క బెంచీ మీద కూర్చునే వయసు. ఇన్నేళ్లూ మోకాళ్ల మీద కూర్చుని నేను కొట్టమని అడిగిన బండిలో, జ్వరంతో, ముందు సీట్లో. బాంబు ముందు అద్దానికే పడుతుంది. జాలి రావాలి. లోపలంతా వెతుక్కున్నాను, క్లాసులో పోయిన సుద్దముక్క కోసం వెతికినట్టు, ఎక్కడా లేదు. ముందు బండి పోవాలి, రెండో బండి పడాలి, అదే ఉంది, అట్లాగే ఉంది. అప్పుడు నాకు నన్ను చూసి భయమేసింది. క్రాంతి కప్పు పట్టుకుని వస్తున్నాడు, ఎవరో ఫోనులో ఫొటోకు నిలబడమంటున్నారు, ఇద్దరూ చేతులు కలపండి, కలపండి, ఆట అయినాక కలపాలి కదా అంటున్నారు. కిరణ్ లేచి చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను. రోడ్డు వచ్చింది, కల్వర్టు వచ్చింది, ముందు జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది, పోనిచ్చాను. రెండోది వచ్చింది. ఆగండి అన్నాను, బాంబులు పట్టుకున్న వాళ్లతో, ఒక్క నిమిషం, ఆ పిల్లోణ్ని దింపనియ్యండి, తర్వాత మీ ఇష్టం. నేనే రోడ్డు మీదికి పోయి చెయ్యి అడ్డం పెట్టి జీపు ఆపాను, తలుపు తీశాను, దిగు నాయనా, చేలోకి పరిగెత్తు, వెనక్కి చూడొద్దు అన్నాను. పిల్లోడు దిగడం లేదు. వాళ్ల నాయన తెల్ల చొక్కా రెండు చేతులా పట్టుకుని దిగడం లేదు.